ఇంపర్సనేషన్ ఆన్‌లోనే ఉంది, మరి డేటాబేస్‌కి ‘అనానిమస్ లాగాన్’ ఎందుకు వెళ్తోంది?

ఇంపర్సనేషన్ (వచ్చిన యూజర్ పేరు మీదే యాప్ పనిచేయడం) పెట్టిన వెబ్ యాప్‌ని మీ సిస్టమ్‌లో నడిపితే అంతా బాగానే ఉంది, ఐఐఎస్ (మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్) మీదికి ఎక్కించగానే డేటాబేస్, అంటే ఎస్‌క్యూఎల్ సర్వర్, 18456 (లాగిన్ ఫెయిల్) ఎర్రర్ ఇచ్చి ‘ఎన్‌టీ అథారిటీ, అనానిమస్ లాగాన్’ అంటోంది, యూజర్‌కి డేటాబేస్‌లో పర్మిషన్ ఉన్నా సరే, అని అడిగారు కదా. ఇక పర్మిషన్ల జోలికి వెళ్లకండి. అసలు అక్కడిదాకా చేరుతున్నది మీ యూజరే కాదు, ఊరూ పేరూ లేని ‘అనానిమస్’.

దీన్నే డబుల్ హాప్ అంటారు: బ్రౌజర్ నుంచి ఐఐఎస్‌కి ఒక హాప్, అక్కడి నుంచి డేటాబేస్‌కి రెండోది. ఎన్‌టీఎల్‌ఎం అనే పాత విండోస్ పద్ధతిలో లాగిన్ అయితే యూజర్ పాస్‌వర్డ్ ఐఐఎస్ చేతికి రాదు. అందుకే ఇంకో మెషిన్ ముందు నిలబడి ‘నేనే ఆ యూజర్‌ని’ అని అది రుజువు చేసుకోలేదు. మీ సిస్టమ్‌లో ఉన్నది ఒక్క హాపే కాబట్టి తెలియలేదు. రెండో హాప్ కూడా దాటాలంటే కెర్బెరోస్ (టికెట్లతో నడిచే లాగిన్ పద్ధతి) కావాలి, దానికి తోడు డెలిగేషన్ (యూజర్ తరఫున ముందుకు వెళ్లే అనుమతి) కూడా ఇవ్వాలి.

నేను దీని మీద మూడు రోజులు పోగొట్టుకున్నాను. అకౌంట్ ప్రాపర్టీస్‌లోని డెలిగేషన్ ట్యాబ్‌లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి సెట్‌ఎస్‌పీఎన్ కమాండ్‌కి మైనస్ ఎక్స్ (డూప్లికేట్లు వెతకమని) ఇచ్చి చూస్తే, మా సైట్ హెచ్‌టీటీపీ ఎస్‌పీఎన్ (ఏ సర్వీస్ ఏ అకౌంట్‌దో కెర్బెరోస్‌కి చెప్పే పేరు) రెండు అకౌంట్ల మీద ఉంది! ఎప్పుడో వదిలేసిన పాత సర్వీస్ అకౌంట్ మీద ఒకటి, ఇప్పటి యాప్ పూల్ (ఐఐఎస్‌లో సైట్‌ని నడిపే ప్రాసెస్) అకౌంట్ మీద ఇంకొకటి. అలా డూప్లికేట్ ఉంటే కెర్బెరోస్ టికెట్ రాదు, బ్రౌజర్ చప్పుడు చేయకుండా ఎన్‌టీఎల్‌ఎంకి దిగిపోతుంది. పాతది తీసేశాక టికెట్ వచ్చింది కానీ ఈసారి 401, అంటే లాగిన్ ఒప్పుకోలేదన్న ఎర్రర్. యాప్ పూల్ డొమైన్ అకౌంట్‌తో నడుస్తుంటే, కెర్నల్ మోడ్ ఆథెంటికేషన్ (లాగిన్‌ని విండోస్ కెర్నలే చూసుకునే సెట్టింగ్) ఆన్‌లో ఉన్నప్పుడు ‘యూజ్ యాప్ పూల్ క్రెడెన్షియల్స్’ ట్రూ చేయాలి. లేకపోతే ఐఐఎస్ మెషిన్ అకౌంట్ తాళంచెవితో ఆ టికెట్ విప్పబోతుంది, అది పట్టదు.

మీరు మొదట యూజర్ మెషిన్‌లో కేలిస్ట్ (ఉన్న టికెట్లు చూపే కమాండ్) కొట్టి, మీ సైట్ పేరుతో హెచ్‌టీటీపీ టికెట్ ఉందో లేదో చూడండి. లేకపోతే గొడవ మొదటి హాప్‌లోనే. ఉంటే డెలిగేషన్ సంగతి, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎస్‌పీఎన్ సంగతి చూడండి. ఏది మార్చినా కేలిస్ట్ పర్జ్ చేయడం (ఉన్న టికెట్లు చెరిపేయడం) మరవొద్దు, పాత టికెట్లు బాగా తిప్పలు పెడతాయి.

నన్నడిగితే, ఆడిట్ కోసం తప్పనిసరి కాకపోతే ఇంపర్సనేషనే వద్దు. ఒక్కో యూజర్‌కి ఒక్కో కనెక్షన్ పూల్ (మళ్లీ వాడుకోడానికి తెరిచి ఉంచే డేటాబేస్ కనెక్షన్ల గుంపు) తయారవుతుంది, లోడ్ పెరిగితే అదో కొత్త టెన్షన్. మేము తర్వాతి ప్రాజెక్ట్‌లో యాప్ పూల్ అకౌంట్‌తోనే కనెక్ట్ అయి, యూజర్ పేరుని పారామీటర్‌గా పంపేశాం.