"ప్రియురాలు పిలిచింది" నచ్చితే "సెన్స్ అండ్ సెన్సిబిలిటీ" సినిమా చూడాలా, ముందు నవల చదవాలా?

"ప్రియురాలు పిలిచింది" సినిమాకి మూలం జేన్ ఆస్టెన్ నవల అని తెలిసి, ముందు అది చదవాలా, ఆంగ్ లీ 1995లో తీసిన ఇంగ్లీషు సినిమా చూడాలా అని అడిగారు. సినిమాతోనే మొదలుపెట్టండి. నవల 1811 నాటిది. వాక్యాలు పొడుగు, చుట్టరికాలు ఎక్కువ. నేను రెండుసార్లు మధ్యలో వదిలేసి, సినిమా చూశాకే పూర్తిచేయగలిగాను.

మొదటి పది నిమిషాలు మాత్రం ఫోన్ పక్కన పెట్టండి. తండ్రి పోతూ పోతూ, రెండో భార్యనీ ముగ్గురు ఆడపిల్లల్నీ చూసుకోమని మొదటి భార్య కొడుకు దగ్గర మాట తీసుకుంటాడు. చట్టం ప్రకారం ఆస్తంతా అతనిదే. మూడు వేల పౌండ్లు ఇద్దామనుకుంటాడు పాపం. భార్య మెల్లగా చెప్తూ ఉంటే అది పదిహేను వందలవుతుంది, తర్వాత ఏటా వంద, ఆ తర్వాత అప్పుడప్పుడూ ఇరవై. చివరికి ఏమీ మిగలదు. ఒక్కరూ గొంతు పెంచరు.

మా నాన్న పెద్దకర్మ అయిన మర్నాడు మా వరండాలో కూడా పొలం గురించి ఇంతే మర్యాదగా మాట్లాడారు. లోపల అమ్మా చెల్లీ ఏడుస్తున్నారు. నేను టీ గ్లాసులు అందించి, బీరువాలో పాస్‌బుక్కులు వెతుకుతూ కూర్చున్నాను. ఆ రాత్రి చెల్లి "నీకు ఏడుపే రాదా అక్కా?" అంది.

అందుకే ఎమ్మా థాంప్సన్ వేసిన పెద్దమ్మాయి ఎలినార్ నాకు అంత దగ్గరైంది. తెలుగులో మనం చూసిన టబు పాత్రకి మూలం ఈమే. ఇంట్లో పంచదార కొనడం ఆపేసి ఖర్చు లెక్క చూస్తుంది. ప్రేమించిన ఎడ్వర్డ్‌కి వేరే అమ్మాయితో పెళ్లి నిశ్చయమైందని తెలిసినా నెలల తరబడి ఎవరికీ చెప్పదు. నీకసలు మనసుందా అని సొంత చెల్లెలే నిలదీస్తుంది.

ఆ చెల్లెలు, పదహారేళ్ల మారియాన్‌కీ, ఆమెని ప్రేమించే కల్నల్ బ్రాండన్‌కీ మధ్య వయసు తేడా మాత్రం నవల్లో నాకు మింగుడుపడలేదు. సినిమాలో బ్రాండన్‌గా వేసిన అలన్ రిక్‌మన్ వల్ల కొంత సర్దుకుంది.

స్క్రీన్‌ప్లే కూడా ఎమ్మా థాంప్సన్‌దే, దానికి ఆస్కార్ వచ్చింది. ఎందుకు వచ్చిందో చివర్లో తెలుస్తుంది. ఎడ్వర్డ్‌కి పెళ్లి కాలేదని తెలియగానే నవల్లో ఎలినార్ గదిలోంచి దాదాపు పరుగెత్తి, తలుపు మూసుకున్నాకే ఏడుస్తుంది. సినిమాలో తలుపు దాకా వెళ్లలేకపోతుంది. అతని ముందే, అన్నాళ్లు దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటపడుతుంది. గదిలోంచి వెళ్లిపోయేది తల్లీ చెల్లెళ్లే.

మా చెల్లి అక్కడ పాజ్ నొక్కింది. చాలాసేపు మళ్లీ ప్లే చెయ్యలేదు.