లాభం వస్తే తన తెలివి, నష్టం వస్తే ఆపరేటర్ల పని

ప్రశ్న: మావారికి 41 ఏళ్లు. ప్రైవేటు కంపెనీలో మంచి ఉద్యోగం. రెండేళ్లుగా యూట్యూబ్ వీడియోలు చూసి ఆప్షన్స్ ట్రేడింగ్ (షేర్ల ధర పెరుగుతుందో తగ్గుతుందో అంచనా వేసి కొనే, అమ్మే ఒప్పందాలు) చేస్తున్నారు. నాకు తెలిసినంత వరకు ఏడు లక్షలు పోయాయి. ఇప్పుడు పర్సనల్ లోన్ తీసుకుంటానంటున్నారు. వద్దంటే ‘మార్కెట్ గురించి నీకేం తెలుసు?’ అని నోరు మూయిస్తారు. ఆఫీసులో అందరూ ఈయన సలహా అడుగుతారు. అంత తెలివైన మనిషికి ఈ పని తనకు రాదన్న సంగతి ఎందుకు అర్థం కావడం లేదు?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: ఆఫీసులో అందరూ సలహా అడుగుతారు కాబట్టే ఇక్కడ చిక్కు ఎక్కువైంది. ఒక పనిలో పదేళ్లుగా ‘నువ్వు చెబితే కరెక్టే’ అనిపించుకున్న మనిషి, ఆ ధీమాను తనకు తెలియకుండానే కొత్త పనిలోకీ తెచ్చుకుంటాడు.

1999లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ డన్నింగ్, జస్టిన్ క్రూగర్ విద్యార్థులకు లాజిక్, గ్రామర్ వంటి పరీక్షలు పెట్టి, తోటివాళ్లలో మీరు ఏ స్థాయిలో ఉన్నారనుకుంటున్నారని అడిగారు. అన్నిటికంటే వెనకబడిన పావు వంతు మంది నిజానికి వందలో పన్నెండు మందిని మాత్రమే దాటగలిగే స్థాయిలో ఉన్నారు. వాళ్లు మాత్రం అరవై రెండు మందిని దాటేశామనుకున్నారు. ఆ తేడాలో కొంత గణాంకాల వల్ల వచ్చిందేనని తర్వాత కొందరు వాదించారు, అందులో పస ఉంది కూడా. కానీ ఆ ఇద్దరూ చెప్పిన కారణం మీ ఇంటికి సరిపోతుంది. పని బాగా చేయడానికి ఏ పరిజ్ఞానం కావాలో, చేసిన తప్పును గుర్తుపట్టడానికీ అదే కావాలి. అది లేని చోట తప్పు తప్పులాగే కనిపించదు. కాబట్టి మీవారు మొండికేస్తున్నారని మీకు అనిపించినా, చాలావరకు ఆయనకు నిజంగానే కనిపించడం లేదు.

దీనికి తోడు మార్కెట్ మనిషిని ఇట్టే మభ్యపెడుతుంది. తప్పు నిర్ణయానికీ ఒక్కోసారి లాభం వస్తుంది. అది తన విశ్లేషణ. నష్టం వస్తే ఆపరేటర్లు (ధరలు ఆడించే పెద్ద ట్రేడర్లు), వార్తలు, స్టాప్‌లాస్ హంటింగ్ (చిన్నవాళ్లు నష్టానికి అమ్మేసేలా పెద్దవాళ్లు ధర కదిలించడం). ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే.

2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ (ఆప్షన్స్, అలాంటివే మరికొన్ని ఒప్పందాలు) ట్రేడింగ్ చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, ఖర్చులతో కలిపి సగటున మనిషికి దాదాపు 2 లక్షలు పోయాయని 2024లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తేల్చింది. ఈ అంకె మీరు తెలుసుకోవాలని చెప్పాను, ఆయన ముందు పెట్టడానికి కాదు. పెట్టినా లాభం లేదు. మిగిలిన ఏడు శాతంలో తాను ఉన్నానని నమ్మే మనిషికి అది పక్కింటివాళ్ల సంగతి.

మరి ఏం చేయాలి? ‘నీకు రాదు’ అనడం ఆపండి. ఆ మాటకు ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. బదులుగా వివరించమనండి. 2002లో యేల్ యూనివర్సిటీ పరిశోధకులు జిప్పు ఎలా పనిచేస్తుందో తెలుసా అని అడిగితే చాలామంది బాగానే తెలుసన్నారు. ఒక్కో దశా వివరించమనేసరికి తమకు తెలిసింది తక్కువేనని వాళ్లే ఒప్పుకున్నారు. ‘ఈ స్ట్రైక్ ప్రైస్ (ఒప్పందంలో రాసుకున్న ధర) ఎందుకు? రేట్ కదలకుండా రెండు రోజులు ఉంటే ప్రీమియం (ఆప్షన్ వెల) ఏమవుతుంది? ఎంత పోతే బయటికి వస్తారు?’ అని ట్రేడ్‌కి ముందు అడిగి, కాగితం మీద రాసుకోమనండి. గొంతులో వెటకారం ఉందా, అంతా చెడుతుంది. మీ అన్నయ్యనో, ఆయన తండ్రినో కూర్చోబెట్టి పంచాయితీ కూడా పెట్టకండి. నలుగురిలో పరువు పోయిన మనిషి దాన్ని నిలబెట్టుకోవడానికి ఇంకో ట్రేడ్ వేస్తాడు.

రెండో దారి సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్). ఈ లావాదేవీలు బిజినెస్ ఆదాయం కింద లెక్క, జీతం ఉన్నవాళ్లు కూడా ఐటీఆర్-3 అనే ఆదాయపు పన్ను రిటర్న్ వేయాలి. గడువులోగా రిటర్న్ వేసి నష్టం చూపిస్తే ఎనిమిదేళ్ల వరకు రాబోయే బిజినెస్ లాభాల్లో సర్దుకోవచ్చు. అంటే వెళ్లడం ఆయనకే మేలు, మీరు బతిమాలాల్సిన పని లేదు. బ్రోకర్ ఇచ్చే పీ అండ్ ఎల్ (లాభనష్టాల) స్టేట్‌మెంట్ తీసి, బ్రోకరేజీ, ఎస్‌టీటీ (లావాదేవీల మీద పన్ను) అన్నీ కలిపి సీఏ చెప్పే మొత్తానికి ‘నీకేం తెలుసు’ అనడం కుదరదు. ఆ రోజు మీరు పక్కనే ఉండండి. మీ ఏడు లక్షల లెక్క కూడా సరైనదో కాదో తేలుతుంది.

ఆయనకు నిద్ర పట్టకపోయినా, చెప్పకుండా లోన్ యాప్‌లలో అప్పు చేశారని తెలిసినా, బతుకు మీద విరక్తి మాటలు వినిపించినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఏ వేళలోనైనా మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

సీఏ దగ్గరికి వెళ్లొచ్చే దాకా లోన్ ఆపమనండి. ఆపకపోతే మీరు మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, బంగారం తాకట్టుకు ఇవ్వకండి.