విత్తనపు పొట్టేళ్ల మంద: సంతలో కొని పెంచొచ్చా?

ప్రశ్న: మాకు 40 నెల్లూరు జోడిపి గొర్రెలున్నాయి. పొట్టేలు ఒక్కటే, తెచ్చి నాలుగేళ్లయింది. చుట్టుపక్కల కాపర్లకు విత్తనపు పొట్టేళ్లు అమ్మేలా మందను తయారుచేయాలని ఉంది. ఈసారి పిల్లలు చిన్నగా పుట్టాయి. రాయితీ రావాలంటే 100 గొర్రెలు, 5 పొట్టేళ్లు ఉండాలంటున్నారు. సంతలో కొని కలపొచ్చా?
– ఒక రైతు, కళ్యాణదుర్గం మండలం, అనంతపురం జిల్లా

జవాబు: కలపొద్దు. సంత గొర్రెకు తల్లెవరో తండ్రెవరో తెలియదు, దాంతోపాటు ఏ రోగం వస్తుందో అంతకన్నా తెలియదు.

మీ మందలో పోయిన ఈతలో అన్నిటికన్నా ఏపుగా పెరిగిన పోతుపిల్ల ఇప్పుడెక్కడుంది? అమ్మేసి ఉంటారు. నాలుగో నెలకే మంచి ధర పలికే పిల్ల అదే కాబట్టి వ్యాపారి ముందు దాన్నే పట్టుకుపోతాడు. ఎవరూ కొనని పిల్ల మందలో మిగిలి, ఏడాది తిరిగేసరికి గొర్రెలను దాటుతుంది, అంటే వాటితో జతకడుతుంది. మేలైన విత్తనం ఇలాగే మన చేతుల మీదుగా కోతకు పోతోంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

పిల్లలు చిన్నగా పుట్టడానికి మేత లోపం కొంత కారణం కావచ్చు. కానీ నాలుగేళ్లుగా ఒకే పొట్టేలంటే అది తన కూతుళ్లనే దాటుతోంది. దాన్ని వెంటనే తీసేయండి. వేర్వేరు మందల నుంచి, వాటి తల్లులను కళ్లారా చూసి, రెండు పొట్టేళ్లు తెచ్చుకోండి. రెండు పళ్లు (పాలపళ్లు రాలి వచ్చే పెద్ద పళ్లు) వేసినవైతే మేలు. నోరు తెరిచి కింది పళ్లు పైచిగురుకు సరిగ్గా ఆనుతున్నాయో లేదో చూడండి. రెండు బీజాలూ సమానంగా, గట్టిగా ఉండాలి. ఒకటే దిగినదాన్ని ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. బ్రూసెల్లా (గర్భస్రావం కలిగించే అంటురోగం) పరీక్ష చేయించి, మూడు వారాలు విడిగా కట్టేసి, ఆ తర్వాతే మందలోకి వదలండి.

రెండు పొట్టేళ్లనూ ఒకేసారి వదిలితే ఏ పిల్ల దేనిదో తెలియదు. 20 గొర్రెలకు ఎర్ర చెవిపోగు, 20కి పచ్చది వేయండి. పగలు మంద కలిసే మేస్తుంది, పొట్టేళ్లు దొడ్లోనే ఉంటాయి. రాత్రికి ఏ గుంపు దొడ్లోకి ఆ పొట్టేలు. గొర్రె 17 రోజులకొకసారి ఎదకొస్తుంది కాబట్టి 45 రోజులు చాలు. దాటించే మూడు వారాల ముందు నుంచి వేరుశనగ కట్టెతోపాటు గొర్రెకు రోజుకు పావుకిలో దాణా ఇవ్వండి. రెండేళ్లకోసారి పొట్టేళ్లను మార్చాలి.

పిల్ల పుట్టిన రోజు, మూడో నెల, ఆరో నెల తూకం వేయండి. గోనెసంచిలో కూర్చోబెట్టి స్ప్రింగు త్రాసుకు తగిలిస్తే నిమిషం పని. చెవిపోగు నంబరు, తల్లి నంబరు, తండ్రి, బరువు నోటుబుక్కులో రాయండి. మీ దగ్గర పొట్టేలు కొనేవాళ్లు డబ్బిచ్చేది ఆ పుస్తకం చూసే. ఏటా పుట్టే 15–17 పోతుపిల్లల్లో విత్తనానికి పనికొచ్చేవి మూడో నాలుగో. మిగతావి మాంసానికే.

ఇక 100 సంగతి. కేంద్రం నడిపే జాతీయ పశుసంపద మిషన్‌లో 50 శాతం రాయితీ ఉన్న మాట నిజమే. కానీ ఏటా 15–17 ఆడపిల్లలు నిలిచినా, ముసలివి, పాలు చాలనివి తీసేస్తే మంద పెరిగేది ఏడెనిమిది. మూడేళ్లకు 60 చిల్లర. రాయితీ దరఖాస్తు మంద పెరిగేదాకా ఆపండి. తొందరైతే ఒకే నమ్మకమైన మంద నుంచి పది పదిహేను పడ్డలు (ఇంకా ఈనని ఆడగొర్రెలు) తెచ్చుకోండి. వానలకు ముందే చిటుకు రోగం (ఎంటరోటాక్సీమియా) టీకా వేయించండి, పారుడు రోగం (పీపీఆర్) టీకా వేయించి మూడేళ్లు దాటితే అది కూడా.