ఫండ్ వాళ్ళ లా ఫర్మ్ ఉండగా మనకు వేరే లా ఫర్మ్ ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: హైదరాబాద్‌లో మీదో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. పెట్టుబడి పెట్టే ఒక ఫండ్ టర్మ్ షీట్ (ఏ షరతులతో ఎంత పెడతారో చెప్పే ముందస్తు కాగితం) పంపింది. డాలస్‌లో ఉన్న మీ బావగారు కూడా ఇదే రౌండ్‌లో (ఈ విడత పెట్టుబడిలో) కొంత పెడతానంటున్నారు. "పేపర్లన్నీ మా లా ఫర్మే చూసుకుంటుంది, మీకు సీఏ ఉన్నారుగా, చాలు" అని ఫండ్ వాళ్ళు చెప్పారు. విడిగా లా ఫర్మ్ పెట్టుకోవాలా, పెట్టుకుంటే వాళ్ళు చేసేదేమిటి అని అడిగారు.

పెట్టుకోవాలి. అదీ టర్మ్ షీట్ మీద సంతకం పెట్టకముందే. చాలామంది సంతకం అయ్యాక వెళ్తారు. అప్పటికి బేరమాడాల్సిన వాటిలో పెద్దవి చేజారిపోయి ఉంటాయి.

ముందు ఎవరి పని ఏమిటో చూద్దాం. సీఏ లెక్కలు, పన్నులు, వాల్యుయేషన్ చూస్తారు. కంపెనీ సెక్రటరీ మినిట్స్, రిజిస్టర్లు, ఆర్‌ఓసీ (కంపెనీల రిజిస్ట్రార్) ఫారాలు చూస్తారు. ఒప్పందంలో ఏ మాట ఉంటే రేపు మీ కొంప మునుగుతుందో చూసి, అవతలి వాళ్ళతో వాదించి మార్పించేది కార్పొరేట్ లాయరు. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ఒక పక్షానికి సలహా ఇచ్చిన అడ్వొకేట్ అదే వ్యవహారంలో ఎదుటి పక్షం తరఫున పనిచేయకూడదు. కాబట్టి ఫండ్ వాళ్ళ ఫర్మ్ ఎంత మర్యాదగా మాట్లాడినా మీ ప్రయోజనం చూడదు. ఫండ్ ప్రయోజనం చూడటమే వాళ్ళ బాధ్యత.

టర్మ్ షీట్ పైన "నాన్-బైండింగ్" అని ఉంటుంది. పూర్తిగా నమ్మకండి. ఎక్స్‌క్లూజివిటీ (కొంతకాలం వేరే పెట్టుబడిదారులతో మాట్లాడకూడదన్న షరతు), గోప్యత, ఖర్చులు, ఏ ఊరి కోర్టు లేదా ఆర్బిట్రేషన్ అన్నవి మామూలుగా సంతకంతోనే కట్టిపడేస్తాయి. ఖర్చుల క్లాజు మరీ జాగ్రత్తగా చదవండి. ఫండ్ వాళ్ళ లాయర్ల బిల్లు, డ్యూ డిలిజెన్స్ (కంపెనీ కాగితాల తనిఖీ) బిల్లు కంపెనీయే కట్టాలని రాస్తారు. దానికి ఒక గరిష్ఠ మొత్తం రాయించండి. డీల్ వాళ్ళ వైపు నుంచి ఆగిపోతే ఎవరి ఖర్చు వాళ్ళదే అన్న వాక్యం కూడా పెట్టించండి. మిగతా షరతులు చట్టప్రకారం కట్టుబడనివే అయినా, ఒకసారి సంతకం పెట్టాక "మీరు ఒప్పుకున్నదేగా" అన్న మాట ముందు నిలబడటం కష్టం.

అసలు డబ్బు మారేది రెండు క్లాజుల దగ్గర. మొదటిది లిక్విడేషన్ ప్రిఫరెన్స్, అంటే కంపెనీ అమ్ముడుపోతే ముందుగా డబ్బు తీసుకునే హక్కు. ఫండ్ ₹10 కోట్లు పెట్టి 20 శాతం తీసుకుందనుకోండి. తర్వాత కంపెనీ ₹25 కోట్లకే అమ్ముడుపోయింది. "1ఎక్స్ నాన్-పార్టిసిపేటింగ్" అయితే ఫండ్ తన 10 కోట్లు వెనక్కి తీసుకుంటుంది లేదా 20 శాతం వాటా, అంటే 5 కోట్లు, తీసుకుంటుంది. ఏది ఎక్కువైతే అది. 10 తీసుకుంటే మిగతా వాళ్ళకు 15 మిగులుతుంది. అదే "పార్టిసిపేటింగ్" అని ఉంటే ముందు 10, ఆ పైన మిగిలిన 15లో 20 శాతం, అంటే మరో 3 కోట్లు. మిగతా వాళ్ళకు 12. మధ్యలో తేడా ఒక్క మాట, 3 కోట్లు.

రెండోది యాంటీ-డైల్యూషన్, అంటే తర్వాత తక్కువ ధరకు షేర్లు ఇస్తే ఫండ్‌కు ఆ నష్టం సర్దే షరతు. కంపెనీలో మొత్తం 1,00,000 షేర్లు, అందులో ఫండ్ ఒక్కోటి ₹1,000 చొప్పున కొన్నవి 10,000 అనుకుందాం. తర్వాతి రౌండ్‌లో ధర ₹500కి పడి, ₹50 లక్షలకు 10,000 కొత్త షేర్లు ఇచ్చారు. "ఫుల్ రాచెట్" ఉంటే ఫండ్ కన్వర్షన్ ధర (దాని షేర్లు మామూలు షేర్లుగా మారే ధర) నేరుగా ₹500కి దిగుతుంది, దాని 10,000 షేర్లు 20,000 అవుతాయి. "బ్రాడ్-బేస్డ్ వెయిటెడ్ యావరేజ్" ఉంటే లెక్క వేరు. పాత ధరకైతే ఆ 50 లక్షలకు 5,000 షేర్లే వచ్చేవి. కాబట్టి 1,000ని 1,05,000తో గుణించి 1,10,000తో భాగిస్తే ₹954.5. ఫండ్ షేర్లు సుమారు 10,476 అవుతాయి. ఆ తేడా కోసం గంటలకొద్దీ వాదించినా తప్పులేదు. ఫుల్ రాచెట్‌కు మాత్రం ఒప్పుకోకండి.

టర్మ్ షీట్ తర్వాత వచ్చేది లీగల్ డ్యూ డిలిజెన్స్. ఫండ్ లాయర్లు మీ కంపెనీ పుట్టినప్పటినుంచి ప్రతి కాగితం అడుగుతారు. మీ ఫర్మ్ అదే పని వాళ్ళకంటే ముందే చేసి, లోపాలు సరిచేయించి, మిగిలినవి డిస్‌క్లోజర్ లెటర్‌లో (లోపాలను ముందే ఫండ్‌కు చెప్పే లేఖలో) రాయాలి. అందులో రాసిన లోపానికి రేపు "మీరు మాకు అబద్ధం చెప్పారు" అని నష్టపరిహారం అడగడం కష్టమవుతుంది. రాయనిది మీ మెడకు చుట్టుకుంటుంది.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో తరచుగా దొరికే లోపం కోడ్ ఎవరిదన్నది. ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ మీద కాపీరైట్ కంపెనీది. ఫ్రీలాన్సర్ రాసినది, కంపెనీ రిజిస్టర్ కాకముందు మీరు రాసినది కంపెనీది కాదు. డబ్బు ఇచ్చాం, బిల్లు ఉంది అంటే సరిపోదు. రాతపూర్వకంగా, సంతకంతో అసైన్‌మెంట్ (హక్కు బదిలీ) కావాలి. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్‌లో మరో మెలిక ఉంది. ఎన్నేళ్ళకో రాయకపోతే అది 5 ఏళ్ళకే అనుకుంటారు. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే. ఏడాదిలోపు ఆ హక్కు వాడకపోతే అసైన్‌మెంట్ చెల్లకుండా పోతుంది, అలా కాకూడదంటే ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకోవాలి. నెట్‌లో దొరికే నమూనాల్లో ఈ మూడు మాటలూ ఉన్నాయో లేదో చూసుకోండి. పాత ఫ్రీలాన్సర్‌ని ఇప్పుడే వెతికి సంతకం తీసుకోండి. రౌండ్ సంగతి బయటికొచ్చాక అడిగితే రేటు పెరుగుతుంది.

రెండో లోపం మన దగ్గర మరీ ఎక్కువ: తెలిసినవాళ్ళు "షేర్లు తర్వాత ఇద్దువులే" అని కంపెనీ ఖాతాలో వేసిన డబ్బు. షేర్ అప్లికేషన్ డబ్బుకు 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. లేదంటే ఆ తర్వాత 15 రోజుల్లో తిరిగి ఇచ్చేయాలి. రెండూ చేయకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది, చట్టం దృష్టిలో అది డిపాజిట్ అయిపోతుంది.

ఇక షేర్ల కేటాయింపు. ఇక్కడ అన్ని కాగితాలూ ఉండి కూడా వరుస తప్పడం వల్ల దెబ్బతినేవాళ్ళే ఎక్కువ. కంపెనీల చట్టం 2013లోని 42, 62 సెక్షన్ల కింద వరుస ఇలా ఉండాలి. రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు, బోర్డు మీటింగ్, తర్వాత ఈజీఎంలో (షేర్‌హోల్డర్ల ప్రత్యేక సమావేశంలో) స్పెషల్ రిజల్యూషన్. 21 రోజుల నోటీసు అవసరం లేకుండా చేయాలంటే 95 శాతం వాటా ఉన్నవాళ్ళ సమ్మతి కావాలి. ఆ రిజల్యూషన్‌తో ఎంజీటీ-14 ఫారం ఆర్‌ఓసీ దగ్గర ఫైల్ చేయాలి. అది ఫైల్ అయ్యాకే పాస్-4 ఆఫర్ లెటర్ ఇవ్వాలి. డబ్బు విడిగా తెరిచిన బ్యాంకు ఖాతాలోకి, షేర్లు తీసుకునే మనిషి సొంత ఖాతా నుంచే రావాలి. నగదు కుదరదు. తర్వాత బోర్డు కేటాయింపు, 15 రోజుల్లోపు పాస్-3 (ఆర్‌ఓసీకి కేటాయింపు వివరాలు చెప్పే ఫారం). పాస్-3 ఫైల్ అయ్యేదాకా ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా ముట్టుకోకూడదు.

జీతాలు ఆగాయనో, సర్వర్ బిల్లు వచ్చిందనో మధ్యలో వాడేస్తారు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తేదీ స్పష్టంగా కనిపిస్తుంది, దాచడానికి ఏమీ ఉండదు. 42వ సెక్షన్ ఉల్లంఘనకు జరిమానా సేకరించిన మొత్తం లేదా ₹2 కోట్లు, ఏది తక్కువైతే అంతదాకా పడొచ్చు. పాస్-3 ఆలస్యమైతే రోజుకు ₹1,000 చొప్పున ₹25 లక్షల దాకా.

స్మాల్ కంపెనీ (మూలధనం, టర్నోవర్ నిర్ణీత పరిమితుల్లోపు ఉన్నది) నిర్వచనం దాటిన ప్రైవేట్ కంపెనీలకు డీమ్యాట్ కూడా తప్పనిసరి. గడువు వర్తించాక కొత్త షేర్లు ఆఫర్ చేయాలంటే ముందు ప్రమోటర్లు, డైరెక్టర్ల షేర్లన్నీ డీమ్యాట్‌లో ఉండాలి. ఐసిన్ నంబరు (డీమ్యాట్‌లో షేర్లకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) రావడానికి వారాలు పట్టొచ్చు. డబ్బు వచ్చాక మొదలుపెడితే ఆ 60 రోజులూ ఇట్టే కరిగిపోతాయి.

షేర్‌హోల్డర్ల ఒప్పందంలో రాసుకున్న హక్కులు ఆర్టికల్స్‌లోకి (కంపెనీ నియమావళిలోకి) కూడా ఎక్కాలి. ఆర్టికల్స్‌లో లేని షేరు బదిలీ ఆంక్షలు కంపెనీని కట్టిపడేయవని వి.బి. రంగరాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫండ్ లాయర్లు వాళ్ళ హక్కులన్నీ ఎక్కిస్తారు. మీకు ఇచ్చిన హక్కులు కూడా ఎక్కాయో లేదో చూడాల్సింది మీ లాయరే. ఒప్పందానికి సరైన స్టాంపు డ్యూటీ కూడా కట్టించండి. 2023 డిసెంబర్‌లో ఏడుగురు జడ్జిల ధర్మాసనం చెప్పినట్టు, స్టాంపు లేనంత మాత్రాన ఒప్పందం రద్దు కాదు. కానీ లోటు, జరిమానా కట్టేదాకా సాక్ష్యంగా తీసుకోరు.

బావగారి సంగతి. ఆయన ఎన్‌ఆర్‌ఐ అయినా, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి కార్డుదారు) అయినా రెండు దారులు. రేపు డబ్బు అమెరికాకు తిరిగి పట్టుకెళ్ళే హక్కు వద్దనుకుంటే నాన్-రీపేట్రియేషన్ పద్ధతిలో పెట్టొచ్చు. దాన్ని దేశీయ పెట్టుబడిలాగే చూస్తారు, ఎఫ్‌సీ-జీపీఆర్ (విదేశీ పెట్టుబడికి షేర్లిచ్చామని ఆర్‌బీఐకి చెప్పే ఫారం) అక్కర్లేదు. తిరిగి పట్టుకెళ్ళాలంటే అది ఎఫ్‌డీఐ (విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి). ధర ఫెమా (విదేశీ మారక చట్టం) వాల్యుయేషన్‌కు తగ్గకూడదు, షేర్లు ఇచ్చిన 30 రోజుల్లో ఆర్‌బీఐ ఫర్మ్స్ పోర్టల్‌లో ఎఫ్‌సీ-జీపీఆర్ వేయాలి. ఏ దారో డబ్బు పంపకముందే తేల్చుకోండి. ఆయన మీ సేవింగ్స్ ఖాతాకు "ఫ్యామిలీ మెయింటెనెన్స్" అని పంపి, మీరు దాన్ని కంపెనీలో వేస్తే, ఆ డబ్బుకు ఆయన పేరు మీద షేర్లు ఇవ్వలేరు. ఆయన ఖాతా నుంచి కంపెనీ ప్రత్యేక ఖాతాకే, షేర్ పెట్టుబడి అనే పర్పస్‌తోనే రావాలి. ఏంజెల్ ట్యాక్స్ (వాల్యుయేషన్ కంటే ఎక్కువ ధరకు షేర్లిస్తే పడిన పన్ను) భయం మాత్రం అక్కర్లేదు, 2024 బడ్జెట్‌లో తీసేశారు.

ఫర్మ్ ఎంపిక దగ్గర ఒక మాట. లాయర్లు ప్రకటనలు ఇవ్వకూడదు కాబట్టి వెబ్‌సైట్ చూసి తేల్చుకోలేరు. ఇలాంటి రౌండ్ చేసిన ఇద్దరు ముగ్గురు ఫౌండర్లను అడగండి. మొదటి మీటింగ్‌లో పార్ట్‌నర్ మాట్లాడతారు, డ్రాఫ్ట్ రాసేది అసోసియేట్. ఆ అసోసియేట్‌ని కూడా కలవండి, ఎన్ని రౌండ్లు చేశారో అడగండి. ఫీజు గంటలెక్కన కాకుండా ఒకే మొత్తంగా మాట్లాడుకుని, ఎన్ని విడతల డ్రాఫ్టులు, ఏ ఫారాలు, డ్యూ డిలిజెన్స్ జవాబులు అందులో కలిశాయో ఎంగేజ్‌మెంట్ లెటర్‌లో రాయించుకోండి. "డీల్ అయితేనే ఇంత శాతం" అని ఎవరైనా అడిగితే వేరే ఫర్మ్ చూసుకోండి. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. బిల్లులో జీఎస్టీ కనిపించలేదని సంబరపడకండి. మీ టర్నోవర్ రిజిస్ట్రేషన్ పరిమితి దాటి ఉంటే రివర్స్ ఛార్జ్ (సేవ పొందినవాళ్ళే జీఎస్టీ కట్టే పద్ధతి) కింద 18 శాతం కట్టాల్సింది కంపెనీయే. ఏడాదికి ₹50,000 దాటితే 10 శాతం టీడీఎస్ కూడా పట్టుకోవాలి.

మొదటి మీటింగ్‌కి టర్మ్ షీట్, క్యాప్ టేబుల్ (ఎవరికెన్ని షేర్లో చెప్పే పట్టిక), మెంబర్ల రిజిస్టర్, పాత పాస్-3లు, కోడ్ రాసినవాళ్ళందరి జాబితా తీసుకెళ్ళండి. ఆ జాబితాలో ఎవరు ఉద్యోగి, ఎవరు ఫ్రీలాన్సర్, ఎవరితో కాగితం ఉంది, ఎవరితో లేదు అన్నది పక్కన రాసి ఉంచితే సగం రోజు పని తగ్గుతుంది.