బ్రౌనీని పొట్టి తాడుతో కట్టకు

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి, మీ అత్త దీవించి రాయునది.

వచ్చే శనివారం పిల్లలిద్దర్నీ, బ్రౌనీని వెంటేసుకుని బెంగళూరు దగ్గర కనకపుర అవతల ఎవరిదో తోటలో టెంటు వేసుకుని ఉంటారట కదా. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అప్పట్నుంచీ ఈ రాజాజీనగర్ ఫ్లాట్లో నాకు ఒకటే టెన్షన్. అలాగని వద్దనడం లేదు. బాత్రూంలో బల్లి కనబడితే వీధంతా వినబడేలా అరిచిన పిల్లవి, ఇప్పుడు పిల్లల్ని తీసుకుని ఆరుబయట పడుకుంటానంటున్నావు. పక్కింటావిడకి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

నీళ్లు, టార్చి, జ్వరం మందు, దోమల క్రీము నీకు తెలిసినవే. కుక్కతో అభయారణ్యంలోకి వెళ్లనివ్వరు కాబట్టి ప్రైవేటు తోట చూసుకోవడం మంచిపనే. తిరిగొచ్చాక బ్రౌనీ చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు చూడు. పిల్లల చంకల్లో, చెవుల వెనక కూడా చూడు. ఇక అసలు సంగతి.

మీ నాన్న చెంప మీద మచ్చ ఉంది కదా. చిన్నప్పుడు మామిడిచెట్టు మీంచి పడ్డాడని నీకు చెప్పారు. అది అబద్ధం. కుక్క కరిచింది.

అప్పట్లో మామిడికాయల కాలం వస్తే మదనపల్లె దగ్గర మన తోటలోకి కాపురం మార్చేసేవాళ్లం. ఒక గుడిసె, బయట మూడు రాళ్ల పొయ్యి, మేమందరం, కర్రోడు. కర్రోడంటే మన నల్ల కుక్క. దాని మీద ఎక్కి ఆడుకున్నా ఏమీ అనేది కాదు. ఆ ఏడాది దొంగల భయం ఎక్కువైందని మీ తాత దాన్ని గుడిసె గుంజకి కట్టేశాడు. తలుపు దగ్గరే ఉండాలని మూరెడు తాడు. పక్కనే పొయ్యి, అటూ ఇటూ మేము. ఆ రోజు కోడి కోశారు. బొమికలు దాని ముందే పడేశారు.

మీ నాన్న బొంగరం అటు దొర్లింది. చీకట్లో పాకుతూ వెళ్లాడు. కర్రోడు గుర్రుమంది. మీ తాత కోపంగా కర్ర విసిరితే అది నోరు మూసుకుంది. వాడు మళ్లీ వెళ్లాడు. ఈసారి గుర్రుమనలేదు.

దాన్ని నేను ఇప్పటికీ తప్పుపట్టను. ముందు అన్నం, వెనక గుంజ, పక్కన మంట, మీదికి ఒక మొహం వస్తోంది. తప్పుకోవాలంటే తాడు లేదు. చెప్పాలంటే దెబ్బలు. ఇంకేం చేస్తుంది?

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. గాయానికి కారం, సున్నం పెట్టారు. వాడి ఏడుపు తోటంతా వినబడింది. మీ తాత ఆ కోపంలోనే కర్రోణ్ని కొట్టి చంపి, తెల్లారేలోపు పూడ్చేశాడు. పొద్దున ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగింది, “కుక్క ఏది?” అని. కరిచిన కుక్క 10 రోజుల పాటు ఆరోగ్యంగా బతికే ఉంటే, కరిచిన రోజు దాని ఉమ్మిలో రేబీస్ లేనట్టు. చూద్దామంటే కుక్కే లేదు. మొహం మీద కాటు, మెదడుకి దగ్గర. ఇంక బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు, రోజుకొకటి. గొర్రె మెదడుతో చేసిన మందు అది. నేను నర్సునయ్యాక ఎంతమంది పిల్లల్ని పట్టుకుని పొడిచానో. 2005 నాటికి గానీ ఆ మందు మన దేశంలో పోలేదు. రోజూ బస్సు దిగి ఆసుపత్రిదాకా మీ తాత వాణ్ని భుజాన ఎత్తుకునే నడిచేవాడు. ఎవరడిగినా చెట్టు మీంచి పడ్డాడనేవాడు. ఆ తర్వాత ఇంట్లో కుక్కని పెంచనివ్వలేదు. అడిగితే లేచి వెళ్లిపోయేవాడు.

అందుకే బుజ్జీ, బ్రౌనీని పొయ్యి దగ్గర గానీ, టెంటు గుమ్మంలో గానీ కట్టకు. పిల్లలు ఆడుకునే చోటుకి దూరంగా, నీడలో పొడుగు తాడు వెయ్యి, దానికో పాత దుప్పటి పరుచు. అది దాని ఇల్లు, అక్కడికి పిల్లలు వెళ్లకూడదు. తాడు చంటిదాని చేతికి ఇవ్వకు. ఒక్క ఉడత పరిగెత్తితే చాలు, పిల్లని ఈడ్చుకుపోతుంది. దాని అన్నం పిల్లలు తినని టైములో, దాని చోట పెట్టు. చికెన్ కాలుస్తారట కదా, బొమికలు మూట కట్టి కార్లో పడెయ్యి. ఆ వాసనకి ఊరకుక్కలు వస్తాయి. అవి కలబడితే పెద్దోడు మధ్యలో దూరతాడు, వాడి సంగతి నాకు తెలుసు.

“మా బ్రౌనీ ఏమీ అనదు అత్తా” అంటావు. కర్రోణ్ని కూడా అలాగే అనుకున్నాం. తెలిసిన కుక్కలు కూడా పిల్లల్ని కరుస్తాయి. చంటిది మెడ చుట్టూ చేతులేసినప్పుడు బ్రౌనీ మొహం తిప్పుకుంటోందా, నిద్ర రాకుండానే ఆవులిస్తోందా, పెదాలు నాక్కుంటోందా, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తోందా, ఒళ్లు బిగబట్టిందా చూడు. అవి ముద్దు చేసే గుర్తులు కావు, “ఇక చాలు” అని చెప్పడం. గుర్రుమంటే మాత్రం తిట్టకు, కొట్టకు. పిల్లని తీసేయి. ఫోటో తర్వాత తీసుకోవచ్చు. ఫోన్ చేతిలో ఉంటే నీకు పిల్లలు కనబడరు, ఆ మాట మీ ఆయనకి కూడా చెప్పు.

రాత్రి కుక్కని బయట వదలకు. ఆ రామనగర గుట్టల వైపు చిరుతలున్నాయి, వాటికి కుక్కంటే మహా ఇష్టం. టెంటులో ఒక చివర బ్రౌనీ, పక్కన నువ్వు, తర్వాత మీ ఆయన, అవతలి చివర పిల్లలు. చీకట్లో ఉచ్చకి లేస్తే ముందు నిన్ను లేపమని పెద్దోడికి చెప్పు, నిద్రలో ఉన్న కుక్క మీద కాలు పడితే అది ఎవరో చూసి కరవదు.

ఏ కుక్క పళ్లు పిల్లలకి గీసుకున్నా సరే, ఆ చోటుని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడుగు. కారం, సున్నం, కాఫీ పొడి ఏమీ వద్దు. కట్టు కట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లు. బ్రౌనీకి టీకా వేశాం కదా అని ఆగకు. ఇప్పుడు టీకా చేతికి, మరీ చిన్నపిల్లలకైతే తొడకి, బొడ్డుకి కాదు. చర్మంలో వేసేదైతే మొదటి రోజున, తర్వాత 3, 7, 28 రోజులకి, కండలో వేసేదైతే 14వ రోజున కూడా వేస్తారు. చర్మం చీరి రక్తం వచ్చేలా కరిస్తే, రేబీస్‌ని అక్కడికక్కడే అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా గాయంలో వెయ్యాలి. అది అన్నిచోట్లా ఉండదు, కాబట్టి కనకపుర ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి కనుక్కో.

మీ నాన్నకి ఈ ఉత్తరం చూపించకు, వాడికి ఇప్పటికీ కర్రోడంటే ప్రాణం. ఉల్లిపాయ పకోడీలు వేసుకుంటే బ్రౌనీకి పెట్టకండి, కుక్కలకి ఉల్లి పడదు. శుక్రవారం లోపు దాని టీకా కార్డు ఫోటో నాకు వాట్సాప్ చెయ్యి. తేదీ దాటిపోయి ఉంటే ఈసారికి దాన్ని మా ఇంట్లో వదిలి వెళ్లు, నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీ అత్త