చిన్నీ, ఆ క్యాసెట్టు మొదలెట్టే ముందు ఇది చదువు

చిన్నీ,

నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది, వైజాగ్ ఇంట్లో అటక మీంచి నా అట్టపెట్టె దించావంట, అందులో కల్చర్ క్లబ్ అనే ఇంగ్లీషు పాప్ బ్యాండ్ 1998 టూర్ క్యాసెట్టు దొరికిందంట, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి నీట్‌గా చేసి నెట్లో పెడతానంటున్నావంట. నువ్వు సౌండ్ ఇంజినీరింగ్ చదువుతున్నావని నలుగురికీ చెప్పుకుని మురిసిపోతాను కానీ ఈ మాట వినగానే గుండె గుభేల్మంది. అందుకే రాత్రి పడుకోకుండా రాస్తున్నా.

ముందు చిన్న విషయాలు. డెక్ హెడ్డులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. క్యాసెట్టు కిటికీలోంచి టేపు మీద తెల్ల మచ్చలు కనిపిస్తే అది బూజు, సముద్రం పక్కన ఊరు కదా, ప్లే చెయ్యకు, టేపూ పోతుంది, డెక్కూ పాడైపోతుంది. మచ్చలు లేకపోతే 24 బిట్‌లో వేవ్ ఫైల్‌గా తీసుకో, లెవెల్ మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆపు. టేపు హిస్ (బుస) తగ్గించే డాల్బీ ఆఫ్‌లో ఉంచు, రికార్డ్ చేసినప్పుడు వాడలేదు. అజిమత్, అంటే టేపుకి హెడ్డు నిలబడే కోణం, సరిచెయ్యడం నీకు నేను చెప్పక్కర్లేదు. ఇవన్నీ మీ సార్లు నాకంటే బాగా చెప్తారు.

వాళ్ళు చెప్పనిది స్పీడు గురించి.

ఆ టేపు అమెరికాలో కచేరీకి వెళ్ళినప్పుడు మా రూమ్మేట్ రికార్డ్ చేసిందని తెలుసు కదా. వాడి దగ్గర ఇంకో బ్యాండ్ టేపు కూడా ఉండేది, వాళ్ళూ కల్చర్ క్లబ్ లాగే, కొట్టుకుని విడిపోయి ఏళ్ళ తర్వాత మళ్ళీ కలిసినవాళ్ళు. ఆ చలికాలం మేం అందరం వైటూకే పనిలో, అంటే 2000 సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లలో తేదీలు సరిచేసే పనిలో, రాత్రీ పగలూ ఆఫీసులోనే ఉండేవాళ్ళం, వాడు మాత్రం ఇంటికి రాగానే కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. ఆ రెండో బ్యాండ్ టేపు వింటే పాటలన్నీ సీడీ కంటే ఒక స్వరం కిందికి ఉన్నాయి. రికార్డర్‌లో బ్యాటరీ నీరసించింది, అందుకే ఇలా అయింది అని తేల్చేసుకున్నాడు. అసలు బ్యాటరీ నీరసించి రికార్డర్ నెమ్మదిగా తిరిగితే మామూలు డెక్‌లో ప్లే చేసినప్పుడు శృతి పైకి పోతుంది గానీ కిందికి రాదు కదా, అంత తెలివైనవాడికి ఆ చిన్న లాజిక్ తట్టలేదు. మొత్తం కచేరీని 12 శాతం స్పీడు పెంచి సీడీతో కలిపేశాడు. జనం చప్పట్లు గబగబా వస్తున్నాయి, సింగర్ మాట్లాడితే చిన్నపిల్లాడు మాట్లాడినట్టుంది, అయినా శృతి కలిసిందని వాడి సంబరం వాడిది. ఆ ఊపులో టేపు హిస్ తీసేస్తానని నాయిస్ రిడక్షన్ గట్టిగా కొట్టాడు, పాటల మధ్య మాటలు బోర్ అని కోసేశాడు, 128 కేబీపీఎస్ నాసి ఎంపీత్రీ చేసి నలుగురికీ పంచాడు. ఆఖరికి క్యాసెట్టు ఎందుకు వేస్టని దాని మీద ఇంకేదో రికార్డ్ చేశాడు.

తర్వాత ఆ షోకి వెళ్ళిన ఒక గిటారిస్టు విని చెప్పాడు, ఆ రాత్రి వాళ్ళు నిజంగానే ఒక స్వరం దించి వాయించారని. మళ్ళీ కలిసిన బ్యాండ్లలో ఇది మామూలే చిన్నీ, పాట పుట్టినప్పుడు ఉన్న గొంతు ఉండదు, అందుకని స్కేలు దించుకుంటారు. స్పీడు ఒక్కటే తప్పయితే వెనక్కి తిప్పేవాడు. కోసేసిన మాటలు, రిడక్షన్‌లో పోయిన డ్రమ్స్ సింబల్స్ గలగల, మాస్టర్ క్యాసెట్టు, ఇవి ఎక్కడి నుంచి తెస్తాడు. వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు వాడు. అప్పుడే కల్చర్ క్లబ్ క్యాసెట్టు తెచ్చి నా చేతిలో పెట్టి, నా దగ్గరుంటే ఊరుకోను, నువ్వు దాచెయ్యి అన్నాడు. అలా వచ్చింది ఆ పెట్టెలోకి.

కాబట్టి నువ్వు ఏం చెయ్యాలంటే, వాళ్ళ సీడీతో పోల్చి తేడా ఎంతుందో కొలువు. కచ్చితంగా అర స్వరమో ఒక స్వరమో ఉంటే, అంటే 6 శాతం దగ్గరో 12 దగ్గరో, బ్యాండే స్కేలు మార్చి ఉంటుంది, ముట్టుకోకు. 2 శాతం, 3 శాతం అని మధ్యలో ఎక్కడో తేలితే అప్పుడు టేపుని అనుమానించు. స్టేజి మీద కీబోర్డు శృతి అలా మధ్యలో ఉండదు. ఇంకోటి, స్పీకర్లలోంచి కరెంటు హమ్, అంటే గుంయ్‌మనే సన్నటి మోత, ఎక్కడన్నా పడిందేమో చూడు, అమెరికాలో చేసిన రికార్డింగ్ కాబట్టి టేపు స్పీడు సరిగ్గా ఉంటే అది 60 హెర్ట్జ్ దగ్గర ఉండాలి, మన 50 అనుకుని లెక్క వేసేవు.

కల్చర్ క్లబ్ సింగర్ బాయ్ జార్జ్ మొదటిసారి నంబర్ వన్ కొట్టినప్పుడు, 1982లో, అతనికి 21 ఏళ్ళు. మేం చూసినప్పుడు 37. ఈ మధ్యలో ఆ బ్యాండ్ 1986లో విడిపోయింది, అతను హెరాయిన్ పాలై బయటపడ్డాడు, డ్రమ్మర్ జాన్ మాస్‌తో ప్రేమ, గొడవలు, అన్నీ అయ్యాయి. అంత జరిగాక గిటారిస్టు రాయ్ హే, బాస్ వాయించే మైకీ క్రెయిగ్‌తో సహా నలుగురూ ఒకే స్టేజి ఎక్కారు. హ్యూమన్ లీగ్ బ్యాండ్, సింగర్ హోవర్డ్ జోన్స్ కూడా ఉన్నారు ఆ టూర్లో. ఆ బరువెక్కిన గొంతుని మళ్ళీ 21 ఏళ్ళ కుర్రాడి గొంతులా మార్చాలని నీ చేతులు ఊరుకోవు, నాకు తెలుసు. వద్దు. 2018 తర్వాత జాన్ మాస్ ఆ బ్యాండ్లో లేడు, కోర్టుల దాకా వెళ్ళారు. ఆ నలుగురి చప్పుడు ఇక దొరకదు.

నెట్లో పెట్టడం మాత్రం కుదరదు, అలిగినా సరే. అది బ్యాండ్ పర్మిషన్ లేని రికార్డింగ్. 1994లోనే అమెరికాలో దీనికి వ్యతిరేకంగా చట్టం వచ్చింది, మన దగ్గర కూడా పాడినవాళ్ళ హక్కు 50 ఏళ్ళు ఉంటుంది. అమ్మడం సంగతి ఊహకే రానివ్వకు, ఈ టేపులు పోగుచేసేవాళ్ళలో డబ్బు తీసుకున్నవాడికి పరువుండదు. ఇంకో ఏడాదిలో వీసాకి వెళ్ళాల్సిన పిల్లవి. భయపెడుతున్నానని మీ అమ్మ నన్ను తిడుతుంది, తిట్టనీ.

నాయిస్ రిడక్షన్ ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పేస్తా. మొదటి సైడ్‌లో మొదటి పాట అయ్యాక చప్పట్ల కింద సన్నగా ఒక తెలుగు గొంతు వినిపిస్తుంది, 'ఒరేయ్, నిజంగా నలుగురూ వచ్చార్రా' అని. వాడే. ఆ రూమ్మేట్ పోయి చాలా ఏళ్ళయింది, వాడి ఫోటోలున్నాయి గానీ గొంతు నా దగ్గర ఇంకెక్కడా లేదు. నీ సాఫ్ట్‌వేర్‌కి అది గోల. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినమ్మా, పక్కనే నేను ఈల వేస్తుంటాను.

45 నిమిషాల దగ్గర సైడ్ మార్చేటప్పుడు ఒక పాట మధ్యలో తెగుతుంది. అక్కడ సీడీలోంచి ముక్క తెచ్చి అతికించకు, ఖాళీగానే వదిలెయ్. మొత్తం ఎక్కించాక ముందు ముట్టుకోని ఫైలు రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి ఒకటి మీ అమ్మ బీరువాలో ఉంచు, ఏ డెక్‌లో ఎలా ఎక్కించావో పక్కన రాసిపెట్టు. ఇంకో కాపీ నాకు పంపు, ఒకటి మా రూమ్మేట్ అబ్బాయికి ఇవ్వాలి, వాడిప్పుడు డ్రమ్స్ నేర్చుకుంటున్నాడు.

మీ మావయ్య