సమాధానం: పెరట్లో వేసిన చెక్క డెక్ (దూలాల మీద పరిచిన పలకల అరుగు) పలకలు ఏడాదికే దోనెల్లా వంగిపోయాయి

పలకల అంచులు పైకి లేచి మధ్యలో గుంట పడిందన్నారు కాబట్టి తప్పు ఎండది కాదండీ, కింది చెమ్మది. అడుగు తడికి ఉబ్బుతుంది, పైభాగం ఎండిపోతుంది, పలక వంగుతుంది. పక్కనే పంట కాలువ, కింద నల్లమట్టి అంటున్నారు, ఇక ఆరేదెక్కడ?

1. రెండు పలకలు విప్పి చూడండి. దూలాలు మట్టికి ఆనుకుని ఉంటే ఎత్తాలి. కనీసం జానెడు ఖాళీ ఉండాలి, పక్కలు మూసేయకూడదు.

2. కింద కంకర పరిచి, నీళ్లు బయటికి పోయేలా వాలు ఇవ్వండి.

3. అందరూ వదిలేసేది ఇదే. పలక పైన మాత్రమే నూనె పూస్తారు. బిగించకముందే అడుగువైపు, ముఖ్యంగా కోసిన కొసలకు రెండు పూతలు వేయాలి. చెక్క నీళ్లు ఎక్కువగా తాగేది కొసల్లోంచే. మా వడ్రంగి కొలిచి, కోసి, వెంటనే బిగించేశాడు. పక్కన నిలబడి ఆపకపోవడం నా తప్పే. అన్నీ మళ్లీ విప్పాల్సి వచ్చింది.

4. పలకల మధ్య 5 మిల్లీమీటర్ల సందు. ఇనుప మేకులు వద్దు, చెమ్మకు తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వాడండి.

వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక పని పెట్టుకోండి, అప్పుడు నేల ఆరి ఉంటుంది.

ఉయ్యాల బల్ల ఎక్కడ వేయాలని అడిగారు కదా: దాని స్తంభాలు డెక్ మీద కాదు, విడిగా నేలలో కాంక్రీటు వేసి నిలపాలి. కొబ్బరిచెట్టు కింద మాత్రం వద్దు, పిల్లలు కూర్చునే చోటు.